నోరు తిరగడం లేదంటే ఎప్పుడు కంగారు పడాలి?

(ఒక పట్టణ గ్రంథాలయంలో తల్లిదండ్రులతో, అంగన్‌వాడీ టీచర్లతో ఒక స్పీచ్ థెరపిస్టు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ చాపల మీద చోటుంది. పిల్లల్ని ఆడుకోనివ్వండి, నోరు మూయించకండి. వాళ్ళ గొంతులు వినపడుతుంటేనే నాకు మాట్లాడటానికి బావుంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. ఇంట్లోవాళ్ళని పిలుచుకునే మాటలు ఒకసారి పైకి అనండి. అమ్మ. నాన్న. అత్త. మామ. తాత. అవ్వ. అన్న. పిన్ని. ఏమైనా గమనించారా? ఇంకోసారి అనండి, నోరు ఎలా కదులుతోందో చూసుకుంటూ అనండి. ఒక్కదాంట్లో అయినా ‘ర’ ఉందా? ‘ళ’ ఉందా? ‘స’ ఉందా? లేవు. అన్నీ పెదాలు కలిపితే వచ్చేవి, లేదా నాలుక కొనని పళ్ళ వెనక ఆనిస్తే వచ్చేవి. ‘అక్క’ ఒక్కటే గొంతు దగ్గర్నించి రావాలి. అందుకే చాలా ఇళ్ళలో చిన్నది అక్కని ‘అత్త’ అంటుంది, పెద్దది ఏడుస్తుంది. ఏడ్చిన అక్కలు ఇక్కడా ఉన్నారు, నవ్వులు వినపడుతున్నాయి.

ఇది ఎందుకు అనమన్నానంటే, పసినోటికి కొన్ని శబ్దాలు ముందు అందుతాయి, కొన్ని చాలా ఆలస్యంగా అందుతాయి. ఈ సంగతి మన పెద్దవాళ్ళకి తెలుసు. బువ్వ, లాల, పాప అంటూ పిల్లలకి వేరే మాటలే పెట్టుకున్నారు. మూడేళ్ళ పిల్ల ‘రైలు’ని ‘లైలు’ అంటే అది రోగం కాదు. ఆ పిల్ల నోరు ఇంకా ‘ర’ దాకా రాలేదు, అంతే.

మరి ఎప్పుడు కంగారు పడాలి? దాని కోసమే కదా మీరంతా వచ్చింది.

నా దగ్గరికి రెండు రకాల తల్లిదండ్రులు వస్తారు. రెండున్నరేళ్ళ బాబుని ఎత్తుకుని, ఏ శబ్దం ఏ వయసుకి రావాలో చెప్పే ఇంగ్లీషు చార్టు ఒకటి ఫోన్లో పట్టుకుని పరిగెత్తుకొచ్చే వాళ్ళు ఒక రకం. ‘ర రావట్లేదండీ, ష రావట్లేదండీ, ఏదైనా సమస్యా?’ అంటారు. ఆ బాబు ఈలోపు నా బల్ల మీద ఉన్న బొమ్మలన్నిటి గురించీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటాడు. రెండో రకం ఐదున్నరేళ్ళకి వస్తారు. బళ్ళో టీచరు గట్టిగా చెబితే వస్తారు. ఆ పిల్ల చెప్పేది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని ప్రతి మాటకీ అర్థం చెబుతుంటుంది. ‘ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?’ అంటే, ‘వాళ్ళ నాన్నకీ ఐదేళ్ళు దాటాకే మాట సాఫీ అయిందట, మా అత్తగారు చెప్పారు’ అంటుంది. మొదటివాళ్ళకి అక్కర్లేని భయం. రెండోవాళ్ళకి ఉండాల్సిన భయం లేదు. ఇరవై ఏళ్ళుగా ఇదే చూస్తున్నాను. అందుకే ఇవాళ అక్షరాల పట్టిక పట్టుకుని రాలేదు.

ముందు మాటలు విడదీసుకుందాం. మన తెలుగులో ‘నత్తి’ అనే ఒక్క మాటలోనే అన్నీ వేసేస్తాం. ‘నా-నా-నా-నాకు’ అని మాట పట్టేసేది నత్తి. అది వేరే సంగతి, దానికి వేరే ఒక పూట కావాలి. రెండేళ్ళొచ్చినా మాటలే లేకపోవడం, రెండు మాటలు కలిపి ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ అనకపోవడం ఇంకొకటి. అది భాష ఆలస్యం, దానికి మూడేళ్ళ దాకా చూడకూడదు. ఇవాళ నేను చెప్పేది మూడోది. పిల్లవాడు మాట్లాడుతున్నాడు, బోలెడు మాట్లాడుతున్నాడు, కానీ శబ్దాలు సరిగ్గా పడటం లేదు. నోరు తిరగడం లేదు అంటామే, అది.

ఈ నోరు తిరగకపోవడంలో ఒక అందం ఉంది. దాన్ని ముందు మీకు చూపించాలి. కాకిని ‘తాతి’ అనే పిల్లవాడు కుక్కని ఏమంటాడు? తుత్త. గోడని? దోడ. గాలిని? దాలి. చూశారా, వాడు ఇష్టమొచ్చినట్టు అనడం లేదు. నాలుక వెనక భాగం లేపి అనాల్సినవన్నీ నాలుక కొనతో అంటున్నాడు. ఒకే సూత్రం, ప్రతిసారీ అదే. ‘క’ వచ్చిన ఇంకో పిల్లవాడి నోట్లో పుస్తకం ‘పుత్తకం’ అవుతుంది, బిస్కెట్టు ‘బిక్కెట్టు’ అవుతుంది, అర్టిపండు ‘అట్టిపండు’ అవుతుంది. రెండు వేర్వేరు హల్లులు కలిసి వస్తే ఒకదాన్నే రెట్టించుకుంటున్నాడు. మన భాషలో ద్విత్వాలు ఎక్కువ కదా, వాడికి అవి అలవాటు, వాటినే వాడుకుంటున్నాడు. ఇంత కట్టుబాటుతో మాట్లాడేవాడిని చూసి మనం తప్పులు అంటున్నాం.

ఇంకో విచిత్రం. ఈసారి ఇంటికి వెళ్ళాక చేసి చూడండి. ‘తాతి’ అనే పిల్లాడితో మీరు కూడా కాకిని చూపించి ‘అదిగో తాతి’ అనండి. ఊరుకుంటాడా? కోప్పడతాడు. ‘తాతి కాదు! తాతి!’ అంటాడు. మీరు ‘ఓ, కాకి కదూ?’ అంటే అప్పుడు శాంతిస్తాడు. ‘ఆఁ, తాతి’ అంటాడు. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు సరిగ్గా ఇలాంటిదే రాశారు. చేపబొమ్మని ‘ఫిస్’ అనే పిల్లవాడు, పెద్దవాళ్ళు ‘ఇది నీ ఫిస్సా?’ అంటే కాదన్నాడు. ‘నీ ఫిష్షా?’ అంటే, అవును నా ఫిస్సే అన్నాడు. దీని అర్థమేంటి? చెవికి తేడా తెలుసు, నోటికి ఇంకా చేతకాలేదు. చేతకానివాణ్ణి ఎదురుగా నిలబెట్టి ‘సరిగ్గా అను, ఇంకోసారి అను, కా... కా...’ అంటే ఏం లాభం? కాళ్ళు రాని పిల్లని పరిగెత్తమన్నట్టు.

ఆ చార్టుల గురించి కూడా ఒక మాట. ఇంటర్నెట్లో దొరికేవాటిలో ఎక్కువ ఇంగ్లీషు పిల్లల్ని చూసి తయారుచేసినవి. ఇంగ్లీషులో ‘క్యాట్’ని పిల్లలు ‘క్యా’ అంటారు, చివరి హల్లు మింగేస్తారు, అది ఎన్నాళ్ళు మామూలు అని అందులో రాస్తారు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ఇల్లు, చెట్టు, పాప, బంతి. మింగడానికి చివర హల్లే లేదు. మన పిల్లల తడబాటు మాట మధ్యలో కనిపిస్తుంది, ఒత్తుల దగ్గర కనిపిస్తుంది. ఆ చార్టు చూసుకుని మన పిల్లకి చివరి హల్లులు బాగానే వచ్చేశాయని సంతోషపడటమూ పొరపాటే, అందులో లేని తడబాటుకి బెదిరిపోవడమూ పొరపాటే.

టీచర్లు ఉన్నారు కాబట్టి ఇదీ చెబుతాను. ఒక యూకేజీ పాప రిపోర్టులో ‘భ, ధ, ణ, ళ పలకడం లేదు’ అని రాసి పంపారు. నేను వాళ్ళ నాన్నని అడిగాను, ‘మీరు ఇంట్లో భోజనం అంటారా, బోజనం అంటారా?’ అని. ఆయన ‘బోజనం’ అన్నాడు. ‘కళ్ళు’ అనమంటే ‘కల్లు’ అన్నాడు. మనలో ఎంతమంది మామూలు మాటల్లో వత్తులన్నీ పలుకుతున్నాం? ఆ పాప తన ఇంటి తెలుగు చక్కగా నేర్చుకుంది. శ్రీకాకుళం పిల్లని శ్రీకాకుళం మాటతో, నల్గొండ పిల్లని నల్గొండ మాటతో పోల్చి చూడాలి. ఇంటి యాస ఎప్పుడూ లోపం కాదు. ఈ మాట నేను ఎన్ని చోట్లయినా చెబుతాను.

బయటివాడి చెవి

అయితే దేన్ని చూడాలి? నేను చెప్పేది ఇదీ. అక్షరాన్ని పట్టుకోకండి. మీ పిల్లవాడి మాట ఎవరికి అర్థమవుతోందో చూడండి.

మీకు అర్థమవుతుంది, అది లెక్కలోకి రాదు. తల్లికి అన్నీ అర్థమవుతాయి. వాడు పొద్దున్న ఏం తిన్నాడో, ఏ బొమ్మ పోగొట్టుకున్నాడో మీకు తెలుసు కాబట్టి సగం మాట మీరే పూరించుకుంటారు. పాలు పోసే అబ్బాయికి అర్థమవుతోందా? పక్కింటావిడకి? బడి ఆటో అన్నకి? ఎప్పుడో పండక్కి వచ్చే మేనత్తకి? వాళ్ళ చెవి కావాలి మనకి.

మా వృత్తిలో ఒక అందాజు లెక్క ఉంది. పిల్లవాడిని అంతగా ఎరగని మనిషికి, 2 ఏళ్ళప్పుడు మాటల్లో సగం అర్థం కావాలి, 3 ఏళ్ళకి ముప్పాతిక, 4 ఏళ్ళకి దాదాపు అంతా. అర్థం కావాలి అన్నాను. తప్పుల్లేకుండా పలకాలి అనలేదు. నాలుగేళ్ళవాడు ‘మా తాతయ్య లైలెక్కి వచ్చాడు’ అంటే ‘ర’ రాలేదు, కానీ మీకు అర్థమైందిగా? వాడు బాగున్నాడు. నాలుగేళ్ళవాడు అదే సంగతి చెబితే ‘ఆ ఆఆయ అయి వాదు’ అని వినపడుతోందనుకోండి. అప్పుడు ‘ర’ ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చోకూడదు.

సులువైన పరీక్ష ఒకటి చెబుతాను. మీ పిల్ల నిన్న ఎక్కడికెళ్ళిందో, ఏం చూసిందో చెబుతుంటే ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేయండి. మీ పిల్లని ఎక్కువగా కలవని మనిషికి పంపండి. దేని గురించో చెప్పకండి. ‘ఏం అర్థమైంది?’ అని మాత్రం అడగండి. ఆ జవాబు చెప్పడం ఏ చార్టు వల్లా కాదు.

ఇప్పుడు వయసుల సంగతి. ఇవి గోడ మీద గీసిన గీతలు కావు, ఓ ఆరు నెలలు అటూ ఇటూ ఉంటాయి. ప, బ, మ, త, ద, న లాంటివి మూడేళ్ళ లోపే నిలబడాలి. క, గ మూడున్నర, ఎక్కువంటే నాలుగు. నాలుగు దాటినా ఇంకా కాకి ‘తాతి’గానే ఉంటే ఒకసారి చూపించండి. స, ర, ళ ఇంకా ఆలస్యం, ‘ర’ కోసం ఆరేళ్ళ దాకా చూసినా తప్పు లేదు. ‘స్త్రీ’, ‘క్రికెట్’ లాంటి గుదిగుచ్చిన హల్లులు ఆపైన కూడా తడబడతాయి. 2018లో ప్రపంచంలోని 27 భాషల పిల్లల మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. ఏ దేశపు పిల్లలైనా ఐదేళ్ళు నిండేసరికి హల్లుల్లో ఎక్కువ భాగం పలికేస్తున్నారని తేలింది. కాబట్టి ఐదేళ్ళు నిండినా బయటివాళ్ళకి అర్థం కాకపోతే ఇక ‘అదే వస్తుందిలే’ అనే మాట చెల్లదు.

వయసుతో పని లేకుండా చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి కాస్త మనసులో పెట్టుకోండి. పిల్లలు హల్లుల దగ్గర తడబడతారు కానీ అచ్చుల దగ్గర తడబడటం తక్కువ. మూడేళ్ళు దాటినా ‘పాలు’ ఒకసారి ‘పీలు’, ఒకసారి ‘పూలు’ అవుతుంటే అది మామూలు కాదు. మాట మొదట్లో హల్లు ఎగిరిపోవడం, అంటే తాత ‘ఆత’, బంతి ‘అంతి’, పాప ‘ఆప’ కావడం, అదీ మామూలు దారి కాదు. ఒకే మాటని పది నిమిషాల్లో నాలుగు రకాలుగా అంటున్నాడా? ఇందాక చెప్పాను కదా, మామూలు పిల్లల తప్పుకి ఒక కట్టుబాటు ఉంటుందని. ఆ కట్టుబాటు లేకపోతే, అనడానికి నోరు వెతుక్కుంటున్నట్టు పెదాలు అటూ ఇటూ కదులుతుంటే, ఆలస్యం చేయకండి. వచ్చిన మాటలు పోతుంటే అసలు ఆగకండి, మరుసటి రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మాట అంతా ముక్కులోంచి వస్తుంటే కూడా చూపించాలి. పసితనంలో పాలు ముక్కులోంచి వచ్చేవా అని గుర్తు చేసుకోండి. టార్చి వేసి నోట్లో కొండనాలుక చూడండి, అది రెండుగా చీలినట్టుంటే చెప్పండి. గ్రహణం మొర్రి పెదవి మీద ఉంటే అందరికీ కనిపిస్తుంది. అంగిట్లో చర్మం కింద దాగి ఉంటే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. ‘పాపది ముద్దుమాట’ అనుకుంటూ ఉంటారు.

ముందు చెవి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇవాళ మీరు ఒక్క విషయమే ఇంటికి పట్టుకెళ్ళేటట్టయితే ఇది పట్టుకెళ్ళండి. మాట తేడాగా ఉందంటే, ముందు చెవి పరీక్ష. నోటి సంగతి తర్వాత.

ఒక బాబు వచ్చాడు, నాలుగున్నరేళ్ళు. దగ్గర్లోని పల్లె నుంచి. వాళ్ళమ్మ నాన్న ఇద్దరూ మిర్చి చేలో కూలికి వెళ్ళేవాళ్ళు. బళ్ళో ‘మాట వినడు, మొండివాడు’ అన్న పేరు. మాట చూస్తే ముద్దముద్దగా ఉంది. స, చ, శ ఏవీ లేవు. మాట చివరలు కలిసిపోతున్నాయి. నా దగ్గరికి రాకముందు ఒక ఆసుపత్రిలో నాలుక కింద తీగ బిగుతుగా ఉందని కోశారు. దానికి అప్పు చేశారు. ఆరు నెలలైనా మాట అలాగే ఉంది.

వాడు నాతో ఆడుకుంటూ నా మొహంలోకే చూస్తున్నాడు. పిల్లలు బొమ్మల్ని చూస్తారు, మన మొహం అంతగా చూడరు. వీడు చూస్తున్నాడు, అదీ నా పెదాల్ని. నాకు అనుమానం వచ్చింది. అక్కడున్న పేపరు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతోనే ‘ఆ పసుపు బంతి ఇవ్వు నాన్నా’ అన్నాను. వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. పేపరు తీసి మళ్ళీ అన్నాను. వెంటనే బంతి తెచ్చి ఇచ్చాడు. వాళ్ళమ్మ ఇదంతా చూస్తోంది. ఆవిడ ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

‘చప్పట్లు కొడితే తిరుగుతాడండీ, బండి హారను వింటాడండీ’ అని అందరూ చెబుతారు. నిజమే, తిరుగుతాడు. కానీ చప్పట్లు వేరు, ‘స’ వేరు. ‘స’ చాలా సన్నని, బలం లేని శబ్దం. చెరువులో మునిగి ఉన్నప్పుడు ఒడ్డు మీద ఎవరో అరిస్తే వినపడుతుంది, ఏమన్నారో తెలియదు కదా? అలా ఉంటుంది వాడికి. జలుబు తరచూ చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక జిగురు లాంటి నీరు నిలబడిపోతుంది. చీము కారదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అందుకే ఎవరూ పట్టించుకోరు. నోరు తెరిచి నిద్రపోవడం, గురక, టీవీ సౌండు పెంచుకోవడం, పిలిస్తే ఒకరోజు పలికి ఒకరోజు పలక్కపోవడం, ఇవి చూసుకోండి. చాలామందికి ఆ నీరు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే చెవి డాక్టర్లు సుమారు 3 నెలలు గమనిస్తారు, తగ్గకపోతే చికిత్స చెబుతారు. ఆ బాబుకి రెండు చెవుల్లోనూ ఉంది. చికిత్స అయ్యాక ఏడాదిపాటు మాట మీద పనిచేశాం. వాడు మొండివాడు కాదు. వాడికి వినపడలేదు.

పుట్టిన నెల లోపు ప్రతి బిడ్డకీ వినికిడి పరీక్ష జరగాలి. అనుమానం ఉంటే 3 నెలలకల్లా తేల్చుకోవాలి, లోపం ఉందని తేలితే 6 నెలలకల్లా సాయం మొదలవ్వాలి. పుట్టినప్పుడు బాగానే ఉందన్నారు కదా అని ఊరుకోకండి, చెవిలో నీరు తర్వాత వచ్చేది. కాబట్టి మాట తేడాగా ఉంటే మళ్ళీ చేయించండి.

నాలుక కోయడం గురించి. కొందరు పసిపిల్లలకి పాలు తాగడంలో ఇబ్బంది ఉంటే ఆ కోత అవసరం కావచ్చు, అది డాక్టరు చూసి చెబుతారు. కానీ మాటలు రాకపోవడానికి, కాకిని తాతి అనడానికి నాలుక కింద తీగ కారణం కాదు. ‘క’ అనడానికి నాలుక వెనక భాగం లేవాలి, ముందు తీగకి దానితో ఏం సంబంధం? కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత మన పెద్దలదే. కోతకి ఒప్పుకునే ముందు స్పీచ్ థెరపిస్టుకి ఒకసారి చూపించండి. అంతే నేను అడిగేది.

వస సంగతి కూడా అడుగుతారని తెలుసు, అమ్మమ్మలు నానమ్మలు చాలామంది ఉన్నారు. వస పోస్తే మాటలొస్తాయని మీరు ప్రేమతోనే పోస్తారు. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం కూడా. కానీ వసకి మాటలు తెప్పించే గుణం లేదమ్మా. అది పోసిన పసిపిల్లలు వాంతులతో ఆసుపత్రికి వచ్చిన సందర్భాలు మన దక్షిణాది డాక్టర్లే రాశారు. దయచేసి మానేయండి. మాటలు రావాలంటే మీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ చెప్పండి, చందమామని చూపించండి. వసకి లేని బలం మీ గొంతుకి ఉంది.

ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో ఇంగ్లీషు, అందుకే మాట తేడా వచ్చిందా అని హైదరాబాదు నుంచీ, అమెరికా నుంచీ కూడా ఫోన్లు చేసి అడుగుతారు. రాలేదు. రెండు భాషల వల్ల శబ్దాల లోపం రాదు. ఉన్న లోపం రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, అంతే. ఇంట్లో తెలుగు ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. మీకు ఏ భాషలో లాలి పాడటం వచ్చో ఆ భాషలోనే పిల్లతో మాట్లాడండి.

ఇంట్లో ఏం చేయాలి? పిల్ల ‘తాతి వచ్చింది’ అంటే ‘తప్పు, కాకి అను’ అనకండి. ‘అవును, కాకి! కాకి గోడ మీద వాలింది. ఆ కాకికి మెతుకులు వేద్దామా?’ అనండి. మూడుసార్లు మంచి ‘కాకి’ వినిపించారు, పిల్ల మాట ఆగలేదు, సిగ్గుపడలేదు. మీ మొహం కనపడేలా కిందికి కూర్చుని మాట్లాడండి. అర్థం కాకపోతే అర్థమైనట్టు తలూపకండి, వాళ్ళకి తెలిసిపోతుంది. ‘నాకు తెలియలేదురా, చేత్తో చూపించు’ అనండి. చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, రైలు అను’ అని అనిపించి అందరూ నవ్వడం మాత్రం ఆపేయండి. రెండేళ్ళకి వాడూ నవ్వుతాడు. నాలుగేళ్ళకి మాట్లాడటం మానేస్తాడు. కొట్టే పిల్లల్ని, కొరికే పిల్లల్ని తీసుకొస్తారు నా దగ్గరికి. కొందరి విషయంలో అది కోపం కాదు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పినా ఎవరికీ అర్థం కాకపోతే మీరేం చేస్తారు?

థెరపీ అంటే భయపడకండి. మందుల్లేవు, సూదుల్లేవు, ఆటే. ‘క’ రాని పాపకి రెండు బొమ్మలు ఇస్తాను. ఒకటి తల, ఒకటి నిద్రలో వచ్చిన కల. ‘కల’ బొమ్మ కావాలని ‘తల’ అంటుంది, నేను తల బొమ్మే ఇస్తాను. పాప నా వైపు అన్యాయం జరిగినట్టు చూస్తుంది. ఒక్క శబ్దం మారితే మాటే మారిపోతుందని అప్పుడు తడుతుంది. వెల్లకిలా పడుకోబెడతాం, నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది, ‘క’ కి దారి దొరుకుతుంది. నీళ్ళు పుక్కిలిస్తూ గొంతులో శబ్దం చేయిస్తాం. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఇంట్లో రోజూ పది నిమిషాలు మీరు ఆడకపోతే నేను వారానికి ఒక గంట చేసేది నిలబడదు.

ఎందుకింత తొందర అంటే, ఐదున్నర ఆరేళ్ళకి చదువు పట్టాలెక్కుతుంది. అప్పటికీ శబ్దాలు బాగా కలగాపులగంగా ఉన్న పిల్లలకి చదవడంలో, రాయడంలో ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. నోట్లో క, త ఒకటే అయిన పిల్ల పలక మీద ఏది రాయాలి?

ఎక్కడికి వెళ్ళాలి అంటే, డబ్బు లేదని ఆగకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. టీచర్లూ, ఆ రోజు బరువు, ఎత్తుతో ఆగకుండా ‘ఈ పిల్ల మాట చూడండి’ అని మీరే చెప్పండి. వాళ్ళు జిల్లాలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి, అదే డీఈఐసీకి రాసిస్తారు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడ అడగండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడికీ మాటకీ రెండింటికీ చూస్తారు. ప్రైవేటుగా వెళితే ఆ థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు, నన్నూ అడగండి.

ఇక ‘కొన్నాళ్ళు చూద్దాం’ అని ఎవరైనా చెబితే, చూడండి, తప్పులేదు. కానీ తేదీ వేసుకుని చూడండి. క్యాలెండర్లో మూడు నెలల తర్వాత ఒక తేదీ చుట్టూ గీత గీయండి. ఇవాళ ఒక నిమిషం రికార్డు చేయండి, ఆ రోజు మళ్ళీ చేయండి, రెండూ పక్కపక్కన వినండి. మెరుగు కనిపిస్తే ఇంకో మూడు నెలలు. కనిపించకపోతే బయల్దేరండి.

ఆ ఎర్రచీర అమ్మమ్మగారు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నారు. చెప్పండమ్మా. ... మనవడికి రెండున్నర, క, గ లన్నీ త, ద లతోనే అంటున్నాడు, మిగతావన్నీ పక్కింటివాళ్ళకి కూడా అర్థమవుతున్నాయి. అదేనా? హాయిగా ‘తాతి’ అననివ్వండమ్మా. మీరు మాత్రం ‘కాకి’ అనండి.

ఆ వెనక నాన్నగారు. ... పాపకి ఐదేళ్ళు, ‘స’ అంటే నాలుక పళ్ళ మధ్య నుంచి బయటికొస్తోంది. మిగతా మాటంతా స్పష్టమే. చెవి పరీక్ష చేయించండి, అది బాగుంటే ఇప్పటికి కంగారు లేదు. ముందు పళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసు కదా, అవి కుదురుకున్నాక కూడా అలాగే ఉంటే తీసుకురండి. కానీ ‘స’ అన్నప్పుడు గాలి బుగ్గల పక్కల నుంచి తడితడిగా జారుతుంటే అది వేరు, దానంతటది పోయేది కాదు, ఇప్పుడే చూపించండి. మీ పాపది ఏదో నేను విని చెబుతాను, తీసుకొచ్చారా? బయట ఉయ్యాల దగ్గరుందా?

సరే, పిలవండి. నేను సాయంత్రం దాకా ఈ కుర్చీలోనే ఉంటాను. ఫోన్లో పిల్లల వీడియోలు ఉన్నవాళ్ళు ఇటు వరసలో రండి. చిన్న పిల్లల్ని ఎత్తుకుని ఉన్నవాళ్ళని ముందు రానివ్వండి.